కీచకుడూ, గోథమ్ విలనూ

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి,

గోథమ్ నగరాన్ని కాపాడే మాస్కు హీరో సినిమా ‘ది బ్యాట్‌మ్యాన్’ (2022) రెండో భాగంలో విలన్ ఎవరన్న నీ వ్యాసం చదివాను. పదకొండు పేర్లు రాశావు, ఒక్కో పేరు కింద నాలుగేసి వాక్యాలు. భాష శుభ్రంగా ఉంది. కానీ చదివి పక్కన పెట్టాక నాకు గుర్తున్నవి మూడు పేర్లే. మిగిలినవి ఓటర్ల జాబితా చదివినట్టు వరసగా దాటిపోయాయి. ‘మొహమాటం లేకుండా చెప్పన్నా’ అని మీ నాన్న ఫోన్ చేసి మరీ అన్నాడు. అందుకే ఇంత సూటిగా రాస్తున్నాను.

ఎవరికి ఎంత బలముందో రాశావు. ఈ కథలోకి వాళ్లు ఎందుకు రావాలో రాయలేదు. 2008లో పాత బ్యాట్‌మ్యాన్ సిరీస్ రెండో భాగం ‘ది డార్క్ నైట్’ వచ్చాక చాలామంది అభిమానులు కూడా ఇలాగే లెక్కేశారు. విలన్లలో జోకర్ అయిపోయాడు, తరవాత అంత పేరున్నవాడు రిడ్లర్, కాబట్టి రిడ్లరే వస్తాడని. ఆ వేషం ఎవరు కడతారో కూడా వాళ్లే తేల్చేసుకున్నారు. 2010లో దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ రిడ్లర్ కాదని చెప్పేశాడు. 2012లో మూడో భాగం ‘ది డార్క్ నైట్ రైజెస్’లో విలన్‌గా తెర మీదికొచ్చింది బేన్.

అదే సినిమా గురించి ఇంకో ఊహ మాత్రం నిజమైంది. నటి మరియన్ కోటియార్ పాత్ర పేరు మిరాండా టేట్ అని ప్రకటించినా, ఆమె పాత విలన్ రాస్ అల్ గూల్ కూతురు తాలియా అయ్యుంటుందని కొందరు పట్టేశారు. 2005లో వచ్చిన ఆ సిరీస్ మొదటి భాగంలో రాస్ అల్ గూల్‌ను కాపాడే వీలున్నా బ్యాట్‌మ్యాన్ కాపాడకుండా వెళ్లిపోతాడు. ఆ బాకీ అలాగే ఉంది. వసూలు చేసుకోడానికి ఎవరో ఒకరు రావాలి గదా! వాళ్లు ఊహించింది కథ లోపలినుంచి. రిడ్లర్ పేరు చెప్పినవాళ్లు చూసింది పాపులారిటీ.

నువ్వు కావలిలో పుట్టావు, మన పక్క పిల్లవి. నీకు తిక్కన గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, విరాటపర్వం ఒకసారి విలన్ కోసమే చదువు. ఈ ఊళ్లో కూర్చుని ఆయన భారతం అందుకున్నది అక్కణ్ణుంచే. కీచకుడు చస్తాడని వినేవాళ్లందరికీ ముందే తెలుసు. చంపేది భీముడనీ, చచ్చేది నర్తనశాలలో రాత్రిపూటనీ కూడా తెలుసు. సస్పెన్స్ అన్నది బొత్తిగా లేదు. అయినా ద్రౌపది సభలోకి పరిగెత్తుకొచ్చి న్యాయం అడిగినప్పుడు మన ఒళ్లు మండుతుంది. ఎందుకంటే భర్తలు అక్కడే ఉన్నారు, కదిలితే అజ్ఞాతవాసం బయటపడుతుంది. మిగతా ఏ ఏడాదిలోనైనా కీచకుడు భీముడి ముందు ఒక పూట నిలిచేవాడు కాదు. వాడికి బలమొచ్చింది ఆ పదమూడో ఏడాది వల్ల. హీరో చేతులు ఎక్కడ కట్టేసి ఉన్నాయో వాడు సరిగ్గా అక్కడ తగిలాడు. మారుపేర్లతో బతుకుతున్న వీరుల కథ అది. మాస్కు వేసుకున్నవాడి కథ రాసే నీకు అంతకన్నా దగ్గరి పాఠం ఇంగ్లీషు కామిక్సులో వెతికినా కష్టం.

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులైలో వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్లో. ఆ మధ్య కాలమంతా ట్రంకు రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఎవడి థియరీ వాడికుండేది. చంపింది ఎవరో చూపించేశారు. జనం కొట్టుకున్నది ‘ఎందుకు’ అన్నదాని మీద.

ఇప్పుడు నీ వ్యాసానికి వద్దాం. హష్ గురించి ‘ముఖానికి కట్లు కట్టుకున్న భయంకరమైన సర్జన్’ అని రాసి వదిలేశావు. అసలు సరుకంతా అక్కడే ఉంది తల్లీ! 2022 సినిమాలో బ్రూస్ వేన్ (అంటే మాస్కు లేని బ్యాట్‌మ్యాన్) తండ్రి థామస్ వేన్ ఒక విలేకరి నోరు మూయించమని మాఫియా నాయకుడు ఫాల్కోనిని అడుగుతాడు, ఫాల్కోని అతణ్ణి చంపించేస్తాడు. ఆ విలేకరి ఇంటిపేరు ఎలియట్. కామిక్సులో హష్ అసలు పేరు టామీ ఎలియట్. ఆస్తి కోసం చిన్నతనంలోనే అమ్మానాన్నల కారు బ్రేకులు తెగ్గోసినవాడు. తండ్రి చచ్చిపోయాడు, తల్లిని మాత్రం డాక్టరైన థామస్ వేన్ బతికించాడు. అందుకే వేన్ కుటుంబమంటే వాడికి పగ. పైగా బ్రూస్ చిన్నప్పటి స్నేహితుడు, మాస్కు వెనక ఎవరున్నారో తెలిసినవాడు. ఆ 2022 సినిమాలో విలన్ రిడ్లర్ బయటపెట్టే వీడియోలో ‘హష్’ అన్న మాట తెర మీద కూడా పడుతుంది. వీటిని వరసగా పేర్చి, సినిమాలో విలేకరికి కొడుకుంటే అన్న ప్రశ్న నువ్వు అడిగితే చాలు. తండ్రి మంచివాడన్న నమ్మకం మీద బతికిన బ్రూస్‌కి అక్కడే చేతులు కట్టేసి ఉన్నాయి.

నీ జాబితాలోని ఇంకో విలన్ మిస్టర్ ఫ్రీజ్‌నూ ఇలాగే చూడు. 1997 సినిమాలో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వేసిన ఫ్రీజ్‌ను జనం ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 1992లో టీవీ కార్టూన్‌లో వచ్చిన ఫ్రీజ్ మాత్రం జబ్బుపడిన భార్యను మంచులో దాచుకున్న భర్త. పేరు అదే, భార్య కథా అదే, మనిషి వేరు. వీళ్లలో ఎవరి గురించి రాస్తున్నావో పాఠకుడికి చెప్పు. మీ అమ్మ కామిక్సు ముట్టలేదు, ఆమెకు అర్థమయ్యేలా రెండు వాక్యాలు ఖర్చు పెట్టు. గోథమ్‌ను చాటునుంచి ఆడించే ధనికుల రహస్య ముఠా ఔల్స్ కోర్టు గురించి నీ పేరా నాకు నచ్చింది, దాన్ని కదిలించకు.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉంటాను. ‘జోకర్ ఖరారు’ అని హెడ్డింగ్ పెట్టావు. ఎవరు ఖరారు చేశారు? 2022 సినిమా చివర ఆర్కమ్ పిచ్చాసుపత్రిలో నటుడు బ్యారీ కియోగన్ జోకర్‌గా కనిపించాడు, ఇది జరిగింది. 2022 మార్చిలో ఆ సినిమా దర్శకుడు మ్యాట్ రీవ్స్ ఇంకో తీసేసిన సీను కూడా విడుదల చేశాడు, ఇదీ జరిగింది. రెండో భాగం అతనిదే అన్నది నీ ఊహ. ఊహ రాయడం తప్పు కాదు, ఊహ అని చెప్పి రాయి. ‘విశ్వసనీయ సమాచారం’ అన్న మాట కొట్టెయ్. నీకు హాలీవుడ్‌లో ఎవరు తెలుసమ్మా? ఈ సినిమా మొదట 2025 అక్టోబర్ అన్నారు, తరవాత 2026, ఆ తరవాత 2027 అక్టోబర్ 1. ఇన్నేళ్లు ఖాళీ దొరికితే పుకార్లు పుట్టక మానవు. వాటినన్నిటినీ నువ్వు మొయ్యనక్కర్లేదు. రేపు నీ ఊహ తప్పయినా, తర్కం నిలబడితే ఆ వ్యాసం సినిమా వచ్చాక కూడా చదువుతారు.

పదకొండును మూడుకు దించు. హష్, ఔల్స్ కోర్టు ఉండనీ. మూడోది 2022 సినిమాలోని గ్యాంగ్‌స్టర్ పెంగ్విన్. ఉన్నవాణ్ణి వదిలేసి కొత్తవాళ్ల కోసం వెతుకుతున్నావు, వాడికి నువ్విచ్చింది ఒకే వాక్యం. 2024లో వచ్చిన వాడి సీరియల్ ఎనిమిది ఎపిసోడ్లే. తనను ఇంటివాడిలా నమ్మిన కుర్రాణ్ణి వాడు ఎందుకు చంపాడో చూసి, ఆ పేరా కొత్తగా రాయి. వచ్చే ఆదివారం మీ నాన్న నెల్లూరు వస్తానన్నాడు, ప్రింటు తీసి ఆయనతో పంపు. ఫోన్లో చదివితే నాకు కళ్లు నొప్పి పుడుతున్నాయి.

మీ పెదనాన్న