చిట్టి తల్లికి మావయ్య రాసేది

చిట్టి తల్లీ,

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా కారు నువ్వే నడుపుతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా పిల్ల హైవే ఎక్కుతోందని సూర్యాపేటలో టీ కొట్టు దాకా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టైర్లలో గాలి, స్టెప్నీ, బ్రేకులు ముందురోజే చూపించుకో. మంచు కమ్మితే హైబీమ్ వేయకు, ఆ వెలుగు తిరిగి నీ కళ్లలోకే కొడుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా బుజ్జిగాడి గురించి. మీ అమ్మ వాణ్ణి ఒళ్లో పెట్టుకుంటానంటుంది, ఒప్పుకోకు. వెనకాల వాడి సీటు బిగించి, బెల్టు పెట్టాకే బండి కదలాలి. మీ అమ్మకీ బెల్టు పెట్టించు. వెనక కూర్చున్నా పెట్టుకోకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అని చెప్పు. నా మాటకంటే వెయ్యి రూపాయలకే ఎక్కువ భయపడుతుంది.

నీ కనుబొమ్మ మీద గీత మెట్ల మీద పడితే వచ్చిందని కదా మీ అమ్మ చెబుతుంది? కాదమ్మా, అది నా వల్ల వచ్చింది. 1996లో నీకు మూడేళ్లు. అంబాసిడర్‌లో అందర్నీ దుర్గమ్మ దర్శనానికి తీసుకెళ్లి, రాత్రికి రాత్రే వెనక్కి బయల్దేరాను. అంతకుముందు రాత్రంతా పెళ్లి కిరాయి తోలాను. "పడుకుని పొద్దున్నే వెళ్దాం అన్నయ్యా" అంది మీ అమ్మ. పొద్దున ఇంకో కిరాయి ఒప్పుకున్నానని చెప్పకుండా, నాకు నిద్రేంటి అని నవ్వేశాను. మూడు టీలు తాగాను, కిటికీ దించాను, పాటలు పాడాను. అప్పుడది రెండు వరసల రోడ్డు. కోదాడ దాటాక తెల్లవారుజామున ఎప్పుడు రెప్ప పడిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా చెడిపోయిన లారీ, లైట్లు లేవు, వెనకాల నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ. బ్రేకు మీద నిలబడ్డాను. బండి తగల్లేదు. ముందు సీట్లో మీ అమ్మ ఒళ్లో ఉన్న నువ్వు మాత్రం ఎగిరి డాష్‌బోర్డుకు కొట్టుకున్నావు. మీ అమ్మ నిన్ను రెండు చేతులా పట్టుకునే ఉంది తల్లీ. నాలుగు కుట్లు పడ్డాయి. ఇంట్లో నన్ను తిడతారని తనే ఆ మెట్ల కథ అల్లింది.

గంటకు 80లో వెళ్తుంటే సెకనుకు 22 మీటర్లు పోతుంది బండి. మూడు సెకన్లు కన్ను మూస్తే 66 మీటర్లు. నిద్రని టీ ఆపదు, పాట ఆపదు. ఆవలింత వస్తే పెట్రోల్ బంకులో ఆపి, తలుపులు లాక్ చేసుకుని ఇరవై నిమిషాలు పడుకో. అల్లుడు గారు "ఇంకెంత, వచ్చేశాం" అన్నా సరే. రాత్రి ప్రయాణం అసలు పెట్టుకోకు.

సగం దారిలో మన ఇల్లుంది. అత్తయ్య సకినాలు చేస్తోంది, ఆగి తిని, కాసేపు నడుం వాల్చి వెళ్లండి. పంతంగి టోల్ దాటాక ఫోన్ చేయించు. అల్లుడు గారితో, నువ్వు కాదు.

మావయ్య