కుక్క లీష్ కాళ్ళకు చుట్టుకుని అత్తగారి మణికట్టు విరిగింది. ఆస్పత్రి కాగితంలో బాత్రూం అని రాసుంది

ప్రశ్న: మాది కదిరి. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్లో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. పది నెలల క్రితం మా అత్తగారు (67) పొద్దున్నే కింద వాకింగ్ దారిలో నడుస్తుంటే, మా అంతస్తులోనే అద్దెకుండే వాళ్ళ లాబ్రడార్ ఆవిడ చుట్టూ తిరిగింది. సాగే రకం లీష్ కాళ్ళకు చుట్టుకుని పడిపోయారు. కుడి మణికట్టు విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. లీష్ పట్టుకున్నది వాళ్ళ పన్నెండేళ్ళ అబ్బాయి. ఆ రోజు వాళ్ళు చాలా బాధపడి, ఖర్చంతా మాదే అన్నారు. రెండోరోజు మావారికి రూ. 40,000 ఫోన్‌లో పంపారు. ఇన్సూరెన్స్ పోను మా చేతి నుంచి ఆస్పత్రికి రూ. 65,000 అయ్యింది. ఫిజియోథెరపీ 24 సార్లు, ఒక్కోసారికి రూ. 600. రెండు నెలలు ఆయాకు రూ. 30,000. మిగతా డబ్బు అడిగి బిల్లులు పంపితే, "మా కుక్క కరిచిందా? లీష్‌తోనే ఉందిగా? మీ కాగితంలోనే బాత్రూంలో జారిపడ్డారని ఉంది" అంటున్నారు. పోలీసు కేసవుతుందేమో, పక్కింటివాళ్ళతో గొడవెందుకని ఆ రోజు ఆస్పత్రిలో అలా చెప్పింది నేనే. ఇప్పుడు లిఫ్టులో ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అసోసియేషన్ మీలో మీరే తేల్చుకోమంది. తెలిసినవారి ద్వారా ఆస్పత్రి కాగితం మార్పించవచ్చా? ఆ కుక్కను కిందికి తేకుండా తీర్మానం చేయించవచ్చా? అప్పటిదాకా మెయింటెనెన్స్ కట్టడం ఆపేయవచ్చా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, వాళ్ళు మొహం తిప్పుకోవడం కోర్టుకు అక్కరలేదు. కుక్క కరిచిందా లేదా అన్నదీ ఇక్కడ ప్రశ్న కాదు. మీ కేసు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: మీ అత్తగారు పడింది వాకింగ్ దారిలోనని, ఆ లీష్ వల్లేనని, ఆస్పత్రి కాగితం ఎదురుగా పెట్టుకుని మీరు రుజువు చేయగలరా? దానికి దారి ఉంది. అయితే మీ మొదటి ప్రశ్నలో అడిగిన పని చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

కాగితం మార్పించే ఆలోచన ఈ రోజే మానేయండి. క్యాజువాలిటీలో రాసిన చీటీ ఒక్కచోటే ఉండదు. కంప్యూటర్లో తేదీ, సమయంతో ఉంటుంది, ఇన్సూరెన్స్ వాళ్ళకు వెళ్ళి ఉంటుంది, మీరు పంపిన బిల్లులతో పక్కింటివాళ్ళ చేతిలోనూ ఉంది. పది నెలల తర్వాత కొత్త చీటీ వస్తే, రెండూ పక్కపక్కన పెట్టి అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్నకే కేసు పోతుంది. అంతటితో ఆగదు. కోర్టు విచారణ కోసం దొంగ సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరం. గాయపడింది మీ ఇంటి మనిషి, ముద్దాయిలుగా నిలబడేది మీరూ ఆ డాక్టరూ అవుతారు.

ఆస్పత్రిలో మీరు అలా చెప్పడం పెద్ద తప్పు. మీరు భయపడ్డ "పోలీసు కేసు", అంటే ఆస్పత్రిలో మెడికో లీగల్‌గా రాయించడం, ఎవరినో జైలుకు పంపడం కాదు. గాయం ఎలా అయిందో అదే రోజు, ఏ సంబంధమూ లేని మనిషి రాసిపెట్టడం. వాళ్ళ మీద ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తర్వాత నింపాదిగా ఆలోచించుకోవచ్చు. గాయానికి కారణం మాత్రం నిజమే చెప్పాలి. మొహమాటానికి అన్న ఒక్క మాట ఇప్పుడు అవతలివాళ్ళకు ఏకైక ఆయుధమైంది.

ఇప్పుడు ఆ ఆయుధం పదునెంతో చూద్దాం. "బాత్రూంలో జారిపడ్డారు" అన్నది ఎవరు? మీరు. గాయపడిన మనిషి అనలేదు. ఆవిడ నొప్పితో మంచం మీద ఉన్నారు, డాక్టరు అడిగింది బహుశా కన్నడంలోనో ఇంగ్లీషులోనో, జవాబు ఇచ్చింది మీరు. కాబట్టి అది మీ అత్తగారి ఒప్పుకోలు కాదు. మీరు సాక్షిగా బోనెక్కితే మిమ్మల్ని నిలదీయడానికి పనికొచ్చే పాత మాట, అంతే. అందుకే ఈ కేసులో ముఖ్య సాక్షి మీరు కాకూడదు, మీ అత్తగారే కావాలి. దావా కూడా ఆవిడ పేరునే వేయాలి. మీ పేరున వేస్తే దెబ్బ తగిలింది మీకు కాదు కాబట్టి నిలవదు. ఆవిడ కదిరిలో ఉంటే మీవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి కాగితాల పని నడిపించవచ్చు. కానీ ఎలా పడ్డారో ఆవిడ బదులు మీవారు చెప్పడం కుదరదు. పవర్ ఇచ్చినవారికి మాత్రమే స్వయంగా తెలిసిన సంగతులు పవర్ తీసుకున్నవారు చెప్పలేరని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ప్రయాణం కష్టమైతే కోర్టు నియమించే కమిషనర్ ద్వారానో వీడియో ద్వారానో సాక్ష్యం తీసుకోమని కోర్టును అడగండి.

మీరు బోనెక్కాల్సి వస్తే ఆ రోజు ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో దాచకుండా ముందే ప్రమాణపత్రంలో రాయండి. అవతలివాళ్ళు బయటపెట్టకముందే మీరు ఒప్పుకుంటే ఆ మాట బలం సగం తగ్గుతుంది.

ఇక మీకున్న రుజువులు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చాలదు, మొత్తం కేసు ఫైలు అడగండి: క్యాజువాలిటీ షీటు, నర్సుల నోట్సు, మత్తుమందు ఇచ్చే ముందు చేసిన పరీక్ష కాగితం, తర్వాతి ఓపీ చీటీలు, ఫిజియోథెరపీ రికార్డు. మత్తు డాక్టరు గానీ ఫిజియో గానీ మీ అత్తగారినే నేరుగా అడిగి, ఆవిడ చెప్పింది రాసుకుని ఉంటే అందులో లీష్ మాట దొరకవచ్చు. పది నెలల నాటి ఆ ఒక్క వాక్యం మీకు బంగారం. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్ళు ఉంచాలి, పేషెంటు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అర్జీ మీ అత్తగారి సంతకంతో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి.

రెండోది రూ. 40,000. బాత్రూంలో జారిపడిన మనిషికి పక్కింటివాళ్ళు రెండో రోజే నలభై వేలు ఎందుకు పంపుతారు? మానవత్వంతో ఇచ్చామంటారు. దానికి జవాబు ఆ డబ్బుకు ముందూ వెనకా నడిచిన వాట్సాప్ మాటల్లో ఉండాలి. "మావాడి చేతిలో లీష్ నిలవలేదు", "కుక్క లాగేసింది" లాంటి ఒక్క ముక్క ఉన్నా అది వాళ్ళ ఒప్పుకోలు. ఆ చాట్‌లో మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉందేమో ఇప్పుడే చూసి ఆపండి. మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి వేరేచోట దాచండి. స్క్రీన్‌షాట్లు మాత్రమే పెట్టుకుని ఫోన్ మార్చేసిన వాళ్ళు తర్వాత చాలా ఇబ్బంది పడతారు. మీవారి ఫోన్ అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి: మొదటిది ఫోన్ ఎవరిదో వాళ్ళది, రెండోది నిపుణుడిది. ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) అందులో రాయాలి. ఇది లేకుండా పెన్ డ్రైవ్ పట్టుకెళితే ప్రయోజనం లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో తీసుకోండి.

సీసీటీవీ పది నెలలు నిలిచి ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. చాలా అపార్ట్‌మెంట్లలో కొద్ది వారాలకే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. అయినా అసోసియేషన్‌కు రాతపూర్వకంగా మూడు అడగండి: ఆ రోజు ఫుటేజీ ఎవరైనా కాపీ చేశారా, సెక్యూరిటీ రిజిస్టర్‌లో ఆ తేదీ పేజీ నకలు, ఆ షిఫ్టులో ఉన్న గార్డు పేరు. గార్డులు ఏజెన్సీ మారుస్తూ ఉంటారు కాబట్టి ఇది తొందరగా కావాలి. అన్నట్టు, ఈ కుక్క అంతకుముందు ఎవరి మీదైనా దూకిందని గ్రూపులో ఎవరైనా రాసి ఉంటే ఆ మెసేజీలు తప్పకుండా తీయండి. వాళ్ళకు ప్రమాదం ముందే తెలుసని చూపించేది అదే.

లీష్ ఉందిగా అన్న వాదన గురించి. దానంతటదే చుట్టుకునే ఆ తాడు నాలుగైదు మీటర్లు సాగుతుంది. మీట నొక్కి బిగించకపోతే కుక్క మనిషి చుట్టూ ఒక రౌండు తిరగడానికి అది చాలు. దగ్గర పట్టుకు వాడే మామూలు లీష్ మీటరున్నరకు అటూ ఇటూ ఉంటుంది. ముప్పై కిలోల కుక్కను పన్నెండేళ్ళ పిల్లవాడి చేతికి ఇచ్చి, వృద్ధులు నడిచే వేళ, సాగే తాడుతో పంపడమే ఇక్కడ నిర్లక్ష్యం. ఆ నిర్లక్ష్యం పెద్దవాళ్ళది. ఫిర్యాదులో గానీ నోటీసులో గానీ ఆ అబ్బాయిని నిందితుడిగా రాయవద్దు, వాడి ఫొటోలు గ్రూపులో పెట్టవద్దు.

ఇక గడువు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను కంగారు పెట్టింది "పది నెలలు" అన్న మాట. జంతువు వల్ల మనిషికి తీవ్రగాయం కలిగే ప్రమాదం ఉన్నప్పుడు, తెలిసి గానీ నిర్లక్ష్యంతో గానీ తగిన జాగ్రత్త తీసుకోకపోవడం న్యాయ సంహిత 291 కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇంత శిక్ష ఉన్న నేరానికి నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 514వ సెక్షన్ ప్రకారం గడువు ఒక ఏడాది. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ఎముక విరగడం తీవ్రగాయమే కాబట్టి నిర్లక్ష్యంతో తీవ్రగాయం కలిగించడానికి సంబంధించిన న్యాయ సంహిత 125(బి) కూడా వర్తిస్తుందని, దానికి మూడేళ్ళ గడువుందని వాదించవచ్చు. కానీ ఆ సెక్షన్ పోలీసులు వేస్తారన్న నమ్మకం మీద కూర్చోవద్దు. ఏడాదినే మీ గీతగా పెట్టుకోండి.

నష్టపరిహారం దావాకు లిమిటేషన్ చట్టం 113వ ఆర్టికల్ కింద మూడేళ్ళు ఉంది. మొహమాటం లేకుండా ఇంకొకటి చెప్పాలి. ఈ రకం శరీర గాయం దావా హక్కు గాయపడిన మనిషితోనే ఉంటుంది, ఆవిడ తర్వాత వారసులకు రాదు. అరవై ఏడేళ్ళ మనిషి విషయంలో మూడేళ్ళు ఉన్నాయి కదా అని వాయిదా వేయడం మంచిది కాదు.

చేయాల్సింది ఈ వరుసలో చేయండి. ఈ వారం ఆస్పత్రి ఫైలు, చాట్, అసోసియేషన్ ఉత్తరం. తర్వాత మీ అత్తగారి పేరున లాయరు నోటీసు, స్పీడ్ పోస్టులో, చేరిన రుజువుతో, పదిహేను రోజుల గడువిచ్చి. లెక్క స్పష్టంగా రాయించండి: ఆస్పత్రి 65,000, ఫిజియో 14,400, ఆయా 30,000, మొత్తం 1,09,400. అందిన 40,000 తీసేస్తే 69,400. నొప్పికి, కుడిచేయి పని చేయని నెలలకు పరిహారం వేరే. ఇన్సూరెన్స్ కట్టిన మొత్తాన్ని ఇందులో కలపవద్దు. "డబ్బివ్వకపోతే పోలీసుల దగ్గరికి వెళతాం" అని మాత్రం నోటీసులో గానీ వాట్సాప్‌లో గానీ రాయవద్దు. దాన్ని బెదిరించి డబ్బు లాగడమని తిప్పి రాస్తారు. వాళ్ళు అద్దెకున్నారు కాబట్టి ఇల్లు ఖాళీ చేసేలోపు పూర్తి పేరు, సొంత ఊరి చిరునామా అసోసియేషన్ రిజిస్టర్ నుంచి రాసుకోండి. లేకపోతే సమన్లు అందించడానికే ఏడాది పోతుంది.

ఇన్సూరెన్స్ వాళ్ళకు కూడా కారణం సరిచేస్తూ మీవారి ఉత్తరం వెళ్ళాలి. ఏం రాయాలో లాయరుకు చూపించి, నోటీసు కంటే ముందే పంపండి. ఎలా పడినా ప్రమాదం ప్రమాదమే. దాచిపెడితేనే అనుమానం.

నోటీసుకు స్పందన లేకపోతే బెంగళూరు నగర జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందు రాజీ కోసం అర్జీ పెట్టండి. మహిళ కాబట్టి మీ అత్తగారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అక్కడ లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. అయితే ఈ అర్జీ పెట్టామని 291 గడువు ఆగదు. ఏడాది నిండడానికి మూడు వారాల ముందు వరకూ ఏదీ తేలకపోతే, కన్నడంలోనో ఇంగ్లీషులోనో రాసిన ఫిర్యాదు స్టేషన్లో ఇచ్చి రశీదు తీసుకోండి. నమోదు చేయకపోతే డీసీపీకి రాతపూర్వకంగా, అదీ కాకపోతే మేజిస్ట్రేటుకు. ఆ మూడు వారాలు దానికే. కేసు ఒకసారి నమోదయ్యాక మీరూ వాళ్ళూ కలిసిపోయినంత మాత్రాన అది మూతపడదు. అందుకే రాజీ ప్రయత్నం ముందు చేయమంటున్నాను.

మెయింటెనెన్స్ ఆపవద్దు. ఈ గొడవకూ దానికీ సంబంధం లేదు, బకాయిదారు మాట సర్వసభ్య సమావేశంలో ఎవరూ వినరు. కుక్కను కిందికి రానివ్వని తీర్మానం కూడా నిలవదు. పెంపుడు జంతువులను మెజారిటీ ఓటుతో నిషేధించకూడదని, లిఫ్టు వాడనివ్వకుండా ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో ఉంది. అలాంటి నిషేధాలు చెల్లవని కేరళ హైకోర్టు 2021లో చెప్పింది. ఆ తీర్మానం చేయిస్తే కుక్కలున్న ఇళ్ళన్నీ మీకు ఎదురు తిరుగుతాయి, మీకు సాక్ష్యం చెప్పాల్సిన వాళ్ళు కూడా వాటిలోనే ఉండవచ్చు. కోపంతో ఆ కుక్కకు ఎవరైనా హాని చేస్తే న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది, ఇంట్లో అందరికీ చెప్పండి.

కావాల్సినది రాజీ పత్రంలోనే రాయించుకోండి: డబ్బు ఏ తేదీకి ఎంత, ఉమ్మడి స్థలంలో మీటరున్నరకు మించని మామూలు లీష్, పట్టుకునేది పెద్దవాళ్ళు, లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడు కుక్కను కాళ్ళ దగ్గరికి లాక్కుని పట్టుకోవడం, ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా వాకింగ్ దారి వదిలి వెనక వైపు తిప్పడం.