పతకం వస్తే మెకానిక్ అనరా?

ప్రశ్న: మావాడు 2006లో పుట్టాడు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ ట్రేడ్ పాసై, భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అప్రెంటిస్‌గా చేస్తున్నాడు. వరల్డ్ స్కిల్స్ పోటీలకు ప్రయత్నించమని వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ అంటున్నారు. కోచింగ్ ఇస్తానని ఒకాయన లక్షన్నర అడుగుతున్నాడు. పతకం వస్తే ప్రభుత్వ ఉద్యోగం గ్యారంటీయేనా? లేక ఇదంతా మానిపించి డిప్లొమాలో చేర్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. మాకు ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది, డబ్బుకు మరీ ఇబ్బంది లేదు.
– ఒక తండ్రి, వీరవాసరం

జవాబు: ముందు ఆ లక్షన్నర ఎవరికీ ఇవ్వకండి. వరల్డ్ స్కిల్స్ అంటే చేతి పనుల్లో యువతకు జరిగే ప్రపంచ పోటీ. దానికి మన దేశంలో ఎంపిక చేసే పోటీ ఇండియా స్కిల్స్. అందులో పేరు నమోదు చేసుకోవడానికి మధ్యలో మనిషి అక్కర్లేదు. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో మీవాడే చేసుకోగలడు. రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి దాటి దేశం తరఫున ఎంపికైతే శిక్షణ, ప్రయాణం ప్రభుత్వమే చూసుకుంటుంది. అంతదాకా వెళ్లకముందే ‘అంతర్జాతీయ కోచింగ్’ అని చేతిలో పెట్టే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ప్రభుత్వ ఉద్యోగానికి గ్యారంటీ లేదు. ఆ ఆశతోనే పంపేటట్టయితే పంపకండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. అందరూ ఉద్యోగం గురించే అడుగుతారు. లోపల బాధ మాత్రం ఇంకోటి. ‘మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?’ అని ఏ పెళ్లిలోనో ఎవరైనా అడిగితే ‘ఏసీ మెకానిక్’ అని చెప్పడానికి మీకు నోరు రావట్లేదు. మెడలో పతకం పడితే ఆ మాటకు కాస్త విలువ వస్తుందని మీ ఆశ. రేపటి సంబంధాల సంగతి కూడా ఆలోచించే ఉంటారు.

ఈ పోటీల మీద నాకూ కొన్ని అనుమానాలున్నాయి. పేపర్లో ఫొటోలు చూసి తల్లిదండ్రులు ఊగిపోతున్నారు గానీ, వచ్చే పతకాలు ఎన్ని? 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో 59 విభాగాల్లో పోటీలు జరిగితే మనకు వచ్చినవి నాలుగు కాంస్యాలు. పతకం అందకపోయినా మంచి ప్రమాణం చూపినవాళ్లకు ఇచ్చే మెడాలియన్లు మరో 12. అంతకుముందు 2019లో రష్యాలోని కజాన్‌లో ఒక స్వర్ణం వచ్చింది, అదీ వాటర్ టెక్నాలజీలో. నీళ్ల శుద్ధి పని చేసేవాడికి మన ఇళ్లలో ఎంత మర్యాద దక్కుతుందో మీకు తెలియనిది కాదు.

పైగా ఈ పోటీకి తయారయ్యేవాడు నెలల తరబడి ఒకే రకం పని మీద కూర్చుంటాడు. గీసిచ్చిన డ్రాయింగ్ ప్రకారం రాగి గొట్టాన్ని మిల్లీమీటరు తేడా లేకుండా వంచుతాడు. కానీ ప్లాంటులో అర్ధరాత్రి అమ్మోనియా కంప్రెసర్ ట్రిప్పయితే, లోపల టన్నుల కొద్దీ సరుకుంటే, ముందు ఏ వాల్వు దగ్గరికి పరిగెత్తాలో ఆ పోటీ నేర్పదు. దక్షిణ కొరియాలో శాంసంగ్ లాంటి కంపెనీ ఈ పోటీలకు స్పాన్సర్‌గా ఉంటూ, రాణించిన పిల్లల్ని ఉద్యోగాల్లోకి తీసుకుంటుంది. మన దగ్గర ఇంటర్వ్యూలో ఆ పోటీ పేరు చెబితే, అదేమిటని అడిగే హెచ్చార్ వాళ్లే ఎక్కువ. రాష్ట్ర స్థాయిలో ఓడి వచ్చి, మళ్లీ స్పానర్ పట్టుకోవడం నామోషీ అనుకునే పిల్లలు కూడా ఉంటారు. నాకు అసలు భయం అదే.

మరి వద్దంటున్నానా? లేదు. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు రాగి గొట్టాన్ని బ్రేజింగ్ చేసేటప్పుడు, అంటే మంటతో వేడిచేసి అతికించేటప్పుడు, లోపలికి నైట్రోజన్ వదలరు. ఆ వేడికి గొట్టం లోపల నల్లటి పొర కడుతుంది. అది పొట్టులా రాలి, ఆయిల్‌లో కలిసి, ఎక్కడో క్యాపిలరీ అనే సన్నటి గొట్టంలో అడ్డం పడుతుంది. కొన్నాళ్లకు కూలింగ్ తగ్గుతుంది. ‘గ్యాస్ అయిపోయిందండీ’ అని చెప్పి మళ్లీ గ్యాస్ ఎక్కించి డబ్బు తీసుకుంటారు. పోటీకి సాధన చేసినవాడు సన్నగా నైట్రోజన్ వదులుతూ అతికిస్తాడు. ప్రెజర్ టెస్టు చేసి, వాక్యూమ్ పెట్టి, గేజ్‌లో ముల్లు కదలకుండా నిలబడిందని చూసుకున్నాకే గ్యాస్ జోలికి వెళ్తాడు. జిల్లాలోనే ఓడిపోయినా ఆ అలవాటు పోదు. చేతి పనిలో పేరొచ్చేది అలాంటి వాటివల్లే.

ఇప్పుడు కాస్త కోపంగానే ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలి పంట మొత్తం పోయినా, చెరువు ఎండగట్టి మళ్లీ పిల్ల వదులుతారు. అప్పుడు ఎవర్నీ గ్యారంటీ అడగరు. కొడుకు ఒక ఏడాది ప్రయత్నిస్తానంటే మాత్రం మీకు స్టాంపు పేపరు కావాలి! మీ చెరువులో పట్టిన రొయ్య చెడకుండా ఓడెక్కి అమెరికా చేరుతోందంటే అది మీవాడిలాంటి వాళ్ల చలవే. ఆ పనిని మీరే చిన్నచూపు చూస్తే ఇక పెళ్లివాళ్లను అని ఏం లాభం? ఇంత పెద్ద ఉత్తరంలో అబ్బాయికి ఏం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు మీరు.

పోల్చమన్నారు కదా. డిప్లొమా ఎక్కడికీ పోదు. ఐటీఐ వాళ్లు బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది, ఆ తర్వాత ఇంజనీరింగ్‌లో చేరడానికి ఈసెట్ పరీక్ష ఎలాగూ ఉంది. ఆ వివరాలు ఇన్‌స్ట్రక్టరే చెబుతారు. పోటీకి మాత్రం వయసు అడ్డం. చాలా విభాగాల్లో పోటీ జరిగే ఏడాదికి 22 దాటకూడదు, మీవాడి ట్రేడ్ కూడా అందులోదే. ఒక మనిషికి జీవితంలో ఒక్కసారే అవకాశం. 2026 సెప్టెంబరులో జరిగే షాంఘై పోటీని వదిలేయండి. ఆ తర్వాతది 2028లో, జపాన్‌లోని ఐచీలో. అప్పటికి మీవాడికి సరిగ్గా 22.

కాబట్టి అప్రెంటిస్‌షిప్ మధ్యలో మానిపించకండి. అది పూర్తయి పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికెట్‌కే మార్కెట్లో విలువ. పోటీకి పేరు ఇవ్వనివ్వండి, రాష్ట్ర స్థాయి దాటకపోతే డిప్లొమాలో వేయండి. అప్పటికీ వాడికి వయసు మించిపోదు, టెన్షన్ పడకండి. ఈలోగా ఐటీఐకి ఒకసారి వెళ్లి నైట్రోజన్ సిలిండరు, వాక్యూమ్ పంపు, గ్యాస్ రికవరీ యంత్రం పనిచేసే స్థితిలో ఉన్నాయో లేదో, వాటి మీద పిల్లలకు రోజుకు ఎంతసేపు ఇస్తారో కనుక్కోండి. ఇవి లేకపోతే సాధన కాగితం మీదే. సాధనకు సెలవు కావాలంటే ప్లాంటు మేనేజరుతో వాడినే మాట్లాడుకోనివ్వండి. మీరు వెంట వెళ్లకండి.