ఫ్యాన్ తిరుగుతోంది, బొమ్మ రావట్లేదు.. మదర్‌బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న: మా డెస్క్‌టాప్ 2016లో అసెంబుల్ చేయించిందండి. సెలవుల్లో నెలన్నర ఊరెళ్ళొచ్చి ఆన్ చేస్తే లైట్ వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ మీద మాత్రం 'నో సిగ్నల్' అంటోంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, ఏడు వేలవుతుంది అన్నారు. మార్పించమంటారా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

అప్పుడే డబ్బులు కట్టకండి. ఇలాంటి కేసులు నేను చూసినంతవరకు చాలావాటికి ర్యామ్ (బోర్డు మీద గుచ్చే మెమరీ పట్టీ, దాన్నే స్టిక్ అంటారు) దగ్గరే పరిష్కారం దొరికింది, బోర్డు దాకా వెళ్ళే పనే పడలేదు. పైగా మీది సముద్రపు గాలి తగిలే ఊరు, నెలన్నర మూలన పడుంది, ర్యామ్ కాంటాక్టుల మీద తేమకి పొర పట్టేసి ఉండొచ్చు.

ముందు మానిటర్ కేబుల్ చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైన బోర్డుకి ఉన్న పోర్టులో పెట్టినా ఇలాగే నో సిగ్నల్ వస్తుంది. అది సరిగ్గానే ఉంటే గోడ దగ్గర స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఓ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ పక్క డోర్ తీశాక ముందు ఆ ఇనుప ఫ్రేమ్‌ని ఒకసారి చేత్తో ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు (రాపిడికి పుట్టేది) దానికి పోతుంది. ర్యామ్ స్లాట్ చివర్లలో క్లిప్పులుంటాయి (కొన్ని బోర్డులకి ఒకవైపే ఉంటుంది), అవి బయటికి నొక్కితే స్టిక్ పైకి లేస్తుంది. కింద బంగారు రంగు గీతలున్నాయి చూశారా, కాంటాక్టులంటే అవే, వాటిని పిల్లల తెల్ల రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్దండి, అంతకంటే గట్టిగా వద్దు. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా దూరంగా కూర్చుని చేసి పొడి గుడ్డతో తుడిచేయండి, ఆ గీతల్ని మళ్ళీ వేళ్ళతో ముట్టుకోవద్దు.

తిరిగి పెట్టేటప్పుడు స్టిక్‌కి ఉన్న గాటు, స్లాట్‌లో ఉన్న గట్టు ఎదురెదురుగా రావాలి, 'టక్' మని క్లిప్పు పడేదాకా రెండు చివర్లూ నొక్కాలి. చాలామంది ఇక్కడే భయపడి సగం నొక్కి వదిలేస్తారు, అది కూర్చోదు, మళ్ళీ బొమ్మ రాదు. రెండు స్టిక్కులుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది, ఆ తర్వాత స్లాట్ మార్చి.

అయినా రాకపోతే ఇంకో పరీక్ష ఉంది. బోర్డుకి చిన్న బజర్ ఉంటే ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. బీప్ బీప్ అని అరిచిందంటే బోర్డూ ప్రాసెసరూ బతికే ఉన్నాయి, ర్యామ్ లేదని అదే చెప్తోందన్నమాట. అలా అరిచే బోర్డుని పోయిందంటే నేనైతే ఒప్పుకోను!

బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ కూడా ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. ప్లగ్ పీకేసి ఉన్నన్నాళ్ళూ గడియారం నడిచేది దాని మీదే కాబట్టి మీది అయిపోయి ఉండే అవకాశం ఎక్కువ. ప్లగ్ తీసేసే ఉంచి బ్యాటరీని ఐదు నిమిషాలు బయటపెట్టండి, బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొస్తాయి, దాంతోనే బొమ్మ వచ్చిన సిస్టమ్స్ ఉన్నాయి. కొత్తది వాచీల షాపులో కూడా దొరుకుతుంది. బొమ్మ వచ్చాక తేదీ సరిచేయడం మర్చిపోకండి, తేదీ పాతదుంటే బ్రౌజర్ ఏ సైట్ తెరిచినా కనెక్షన్ ప్రైవేట్ కాదంటుంది, జనం అది వైరస్ అనుకుంటారు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా దాని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు ఉంటుంది. ఇవన్నీ చేసినా రాకపోతే షాపుకి తీసుకెళ్ళి, మీ ఎదురుగానే వేరే ర్యామ్, వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూపించమనండి. అప్పటికీ రాకపోతేనే బోర్డు మాట.

ప్రశ్న: ల్యాప్‌టాప్ నిన్నటిదాకా బాగుంది, ఇవాళ ఛార్జర్ పెట్టినా లైట్ కూడా లేదు. (హన్మకొండ నుంచి)

ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదిలి, ఛార్జర్ వేరే సాకెట్‌లో పెట్టి ఆన్ చేయండి. కుదిరితే అదే మోడల్‌కి సరిపోయే ఇంకో ఛార్జర్ అడిగి తెచ్చి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుందా? అయితే ఇవేవీ చేయొద్దు, అది బ్యాటరీ ఉబ్బడం, నొక్కకుండా ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళండి.