అలిహీస్‌లో ఇల్లు బుక్ చేసే ముందు

చి. ల. సౌ. స్వాతికి,

మీ అత్తగారూ మామగారూ గుంటూరు నుంచి వస్తున్నారని, ఆగస్టులో వాళ్ళని అలిహీస్ తీసుకెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన లింకులన్నీ చూశాను. ప్రతి ఫోటోలోనూ సముద్రమే ఉంది, వంటిల్లు మాత్రం ఎక్కడా కనపడలేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

అలిహీస్ ఐర్లండ్ నైరుతి మూలనున్న బేరా ద్వీపకల్పానికి దాదాపు పడమటి కొసన ఉంటుంది. 1812లో పక్స్‌లీ కుటుంబం అక్కడ రాగి గనులు మొదలుపెట్టి, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళని రప్పించింది. 1880లలో గనులు మూతపడ్డాక జనం అమెరికాలో మోంటానాలోని బ్యూట్ గనులకి వలసపోయారు. ఇప్పుడు మిగిలింది రంగురంగుల ఇళ్ళ వీధి ఒకటి, కొండ మీదా పొలాల్లోనూ విడివిడిగా ఉన్న ఇళ్ళు. పెద్ద హోటళ్ళేం ఉండవు. అందుకే ఇల్లు ఎంత బాగుందన్నదాని కంటే ఎక్కడుందన్నది ముందు చూడాలి.

నన్నడిగితే ఊరి వీధిలోనే తీసుకో. పబ్బుకి నడిచి వెళ్ళొచ్చు, గనుల మ్యూజియం కూడా దగ్గరే. అది కార్న్‌వాల్ వాళ్ళ కోసం 1845లో కట్టిన మెథడిస్ట్ చర్చి. వాన పడితే పెద్దవాళ్ళకి అక్కడ ఒక పూట బాగానే గడుస్తుంది. కింద బాలీడోనెగన్ బీచ్ పక్కన పిల్లలకి సరదాగా ఉంటుంది కానీ, సముద్రపు గాలి నేరుగా కొడుతుంది. (ఆ తెల్ల ఇసుక గనుల నుంచి వచ్చిందే తెలుసా? రాగి తీసుకున్నాక మిగిలిన క్వార్ట్జ్ రాతి పొడి వాగులో కొట్టుకొచ్చి అక్కడ చేరింది.) ఇక కొండ మీద పాత ఇంజన్ హౌస్ (గని యంత్రం ఉండిన భవనం) వైపున్న ఇళ్ళ ఫోటోలే నీకు నచ్చినట్టున్నాయి. ఆ దారులు ఒక్క కారు పట్టేంత ఇరుకు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే అల్లుడే రివర్స్ చేసుకోవాలి. పైగా ఆ చుట్టుపక్కల పాత గని గోతులున్నాయి. కంచెలు, హెచ్చరిక బోర్డులు ఉన్నాయనుకో, అయినా చిన్నవాడితో అక్కడ ప్రతి సాయంత్రం టెన్షనే. పగలు వెళ్ళి చూసి రండి చాలు.

లిస్టింగ్‌లో ‘అలిహీస్ దగ్గర’ అని ఉంటే నమ్మేయకు. ఆ ఇల్లు ఐరీస్ అనే ఇంకో ఊరి వైపు ఉండొచ్చు, అక్కడి నుంచి వచ్చే తీరం రోడ్డు అన్నీ మలుపులే. మీ అత్తగారికి కారులో కడుపులో తిప్పుతుంది కదా. బుక్ చేసే ముందే ఎయిర్‌కోడ్ అడుగు. ఐర్లండ్‌లో ప్రతి ఇంటికీ విడిగా ఒక కోడ్ ఉంటుంది కాబట్టి, అది మ్యాప్‌లో కొడితే గేటు దాకా దారి కనిపిస్తుంది.

ఇంటివాళ్ళకి మెసేజ్ పెట్టి కొన్ని విషయాలు తేల్చుకో. కింది అంతస్తులో పడగ్గది, బాత్‌రూమ్ ఉన్నాయా? పాత ఇళ్ళలో మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మీ మామగారి మోకాళ్ళకి కుదరదు. హీటింగ్ అద్దెలో కలిసే ఉందా? ఆగస్టే కదా అనుకోకు, అట్లాంటిక్ వాన రెండు రోజులు పట్టిందంటే గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు వణికిపోతారు. పొయ్యి మీద ఎగ్జాస్ట్ ఉందా? పోపు వేస్తే అలారం మోగే ఇళ్ళు ఇక్కడ కోకొల్లలు. ఫోన్ సిగ్నల్ ఇంట్లోకి వస్తుందా? మీ ఆయన ఆఫీసు కాల్స్ ఉన్నాయంటాడు కాబట్టి వైఫై సంగతి కూడా అడుగు.

వాళ్ళు శాకాహారులు కాబట్టి బీ అండ్ బీ (గదితో పాటు పొద్దుటి టిఫిన్ పెట్టే బస) వద్దు, వంటిల్లున్న ఇల్లే మేలు. పొద్దున్నే పంది మాంసం వాసన వాళ్ళకి పడదు. సరుకులు, పెట్రోలు దారిలో వచ్చే కాసిల్‌టౌన్‌బేర్ ఊళ్ళోనే తీసుకోండి, ఆ తర్వాత దొరికేవి తక్కువ. సీజన్‌లో చాలా ఇళ్ళు శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు. మీకు నాలుగు రోజులే కావాలంటే ముందే అడిగి చూడు, ఖాళీ మిగిలితే కొందరు ఒప్పుకుంటారు. ఆగస్టు మొదటి సోమవారం సెలవు, ఆ వారాంతం మాత్రం వద్దు.

సముద్రం మీదుగా డర్సీ దీవికి వెళ్ళే కేబుల్ కార్ ఎక్కాలని పిల్లలు గొడవ చేస్తారు. అందులో ఒకసారికి ఆరుగురే పడతారు, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కాబట్టి దాన్ని చివరి రోజుకి పెట్టుకోకు.

డబ్లిన్ నుంచి ఒక్క బిగిన వెళ్ళకండి. ఆ రాత్రికి కార్క్‌లో మా ఇంట్లో పడుకుని పొద్దున్నే బయల్దేరితే ఆ ఇరుకు రోడ్లు వెలుతురులోనే దాటతారు. రెండు ఇళ్ళు తేల్చుకున్నాక ఎయిర్‌కోడ్‌లు నాకు పంపు, మీ పెదనాన్న మ్యాప్‌లో చూసి చెప్తారు. తేదీలు కూడా రాయి, మీ అత్తగారి కోసం ఇడ్లీ పిండి రుబ్బి ఉంచాలి.

మీ పెద్దమ్మ