ఫ్లాప్ కింద కణాలు పెరిగాయా? గీకించుకునే ముందు యాగ్ లేజర్ గురించి అడగండి

లాసిక్ (కళ్లద్దాలు అక్కర్లేకుండా లేజర్‌తో చేసే కంటి ఆపరేషన్) తర్వాత ఫ్లాప్ కింద, అంటే ఆ ఆపరేషన్‌లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద కోసి ఎత్తి మళ్ళీ మూసే పలుచని రేకు కింద, కణాలు పెరిగాయన్నారు, మళ్ళీ ఫ్లాప్ ఎత్తి గీకించుకోవాలా, లేజర్‌తో పోతుందా అని అడిగారు కదా. పోతుందండీ, నాకు పోయింది.

నాకు 2014లో లాసిక్ చేశారు. నాలుగేళ్లకు కొంచెం పవర్ తిరిగొస్తే అదే ఫ్లాప్ ఎత్తి సరిచేశారు. ఇలా రెండోసారి ఎత్తిన కళ్లకే ఈ బెడద ఎక్కువ, కంటి పైపొర కణాలు అంచు సందులోంచి లోపలికి పాకుతాయి. ఆ మాట సంతకం పెట్టేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. అసలు ఆ ఫారం తెలుగులో ఎందుకివ్వరు? కంట్లో చుక్కలు వేసి, అంతా మసగ్గా ఉన్నప్పుడు నాలుగు పేజీల ఇంగ్లీషు చేతిలో పెడితే ఎవరు చదువుతారు?

కొన్ని నెలలకు రాత్రిపూట ఎదురొచ్చే లారీ లైట్లకు తోకలు కనిపించడం మొదలైంది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఫోటో తీసి స్క్రీన్ మీద చూపించారు. ఫ్లాప్ అంచున గంజి చుక్క ఆరినట్టు తెల్లటి మచ్చ. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఆవిడ మాత్రం "కోత వద్దు, యాగ్ చేద్దాం" అన్నారు. యాగ్ అంటే కోత లేకుండా చిన్న చిన్న లేజర్ దెబ్బలతో చేసే చికిత్స. శుక్లాల ఆపరేషన్ తర్వాత లెన్స్ వెనక పొర మసకబారితే మా అమ్మకు చేసింది కూడా ఆ మిషన్ మీదే.

మత్తు చుక్కలు వేసి, గడ్డం స్టాండ్ మీద పెట్టించి, నుదురు పట్టీకి ఆనించమన్నారు. ఎర్ర చుక్క కనిపిస్తుంది, టిక్, టిక్ అని శబ్దం, అంతే. నొప్పి లేదు. ఒక్కో దెబ్బకు ఫ్లాప్ కింద చిన్న బుడగ లేస్తుందట. ఐదు నిమిషాల్లో బయటికొచ్చాను. నెల తర్వాత ఇంకో సిట్టింగ్ పట్టింది.

మచ్చ చూపుకి అడ్డంగా మధ్యకు వచ్చేసినా, ఫ్లాప్ అంచు కరుగుతున్నా గీకడమే మంచిది, ఆలస్యం చేయకండి. ఫ్లాప్‌లో ముడతలైతే అది వేరే సంగతి, వాటిని మొదటి రోజుల్లోనే ఎత్తి సర్దాలి. మీది అంచున ఉండి, పెరగకుండా, చూపుకి ఇబ్బంది లేకుండా ఉంటే అసలేమీ చేయించుకోకుండా ఫోటోలు తీయించుకుంటూ గమనిస్తే చాలు. కన్ను మాత్రం నలపకండి. ఫ్లాప్ మునుపటి కార్నియా అంత గట్టిగా ఎప్పటికీ అతుక్కోదు, దెబ్బ తగిలితే ఏళ్ల తర్వాత కూడా పక్కకు జరిగిపోవచ్చు. మా అబ్బాయితో షటిల్ ఆడేటప్పుడు నేను ఇప్పటికీ కళ్లకు గాగుల్స్ పెట్టుకునే దిగుతాను.