పాత పిన్‌బాల్ మెషిన్ కొనడం పిచ్చా? బల్ల ఎత్తి లోపల చూశాక చెప్పండి

పాత పిన్‌బాల్ మెషిన్లు, గ్రామఫోన్లు, గోడ గడియారాలు వేలంలో అంతంత డబ్బు పోసి ఎందుకు కొంటారు, వాటిని పెట్టుబడి అనుకోవచ్చా అని అడిగారు. పెట్టుబడి సంగతి ముందే తేల్చేస్తాను. డబ్బు పెరగాలంటే బంగారం కొనుక్కోండి, లేదంటే భోగాపురం వైపు స్థలం చూసుకోండి. పిన్‌బాల్ అంటే ఏటవాలు బల్ల మీద దొర్లే బంతిని కింద పడకుండా కొడుతూ పాయింట్లు తెచ్చుకునే ఆట. దాని మెషిన్ వంద కిలోలు దాటిన పెట్టె. గది సగం తినేస్తుంది, తేమ పడదు, ఎలుకలు దూరితే వైర్లు కొరికేస్తాయి. అయినా నా దగ్గర ఒకటుంది, ఎవరెంతిస్తామన్నా ఇవ్వను.

మాది విజయనగరం, దాసన్నపేట వైపు. నా పని మోటారు వైండింగ్. కాలిపోయిన పంపుసెట్లు, ఫ్యాన్లు, గ్రైండర్లు వస్తే పాత తీగ తీసేసి కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇస్తాను. జూట్ మిల్లు మోటార్లు చుట్టిన గురువు దగ్గర నేర్చుకున్న విద్య ఇది. ఈ మెషిన్ల గురించి డీలర్లు చెప్పేది ఒకటుంటుంది. నేను చెప్పేది చేత్తో కాయిలు చుట్టేవాడి మాట.

విశాఖలో ఒక పాత క్లబ్బు మూసేస్తూ సామాన్లన్నీ వేలం వేశారు. నేను వెళ్లింది అక్కడి సీలింగ్ ఫ్యాన్ల కోసం. గోడౌన్ మూలన బిలియర్డ్స్ బల్ల గుడ్డ కప్పి ఏదో పొడవాటి పెట్టె ఉంది. గుడ్డ తీస్తే ఏటవాలు బల్ల, దాని మీద పగిలిన గాజు, వెనకాల నిలువుగా రంగుల బొమ్మల పలక. కింద గాట్లీబ్ అని కంపెనీ పేరు, షికాగో అని ఊరి పేరు. సముద్రపు గాలికి వెనక పలక మీది రంగు పెచ్చులు లేచిపోయింది. ఆ బొమ్మను గాజుకు లోపలి వైపు వేస్తారు, తేమ తగిలితే ముందు పోయేది అదే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మన దగ్గర నేను చూసిన చాలా వేలంపాటలు వేలంపాటలే కావు. తుక్కు కొనేవాళ్లు ముందే మాట్లాడుకుని వస్తారు. ఒకడు పాడతాడు, మిగతావాళ్లు గేటు దగ్గర టీ తాగుతుంటారు. మూడోసారి అనగానే సామాను ఆ ఒక్కడి పేరు మీద రాస్తారు, ఆ తరవాత బయట చెట్టు కింద అసలు పాట వాళ్లలో వాళ్లు పాడుకుంటారు. సామాను ఎవరిదో ఆ యజమాని మాత్రం తుక్కు రేటు తీసుకుని ఇంటికెళతాడు. ఎన్ని మంచి వస్తువులు ఇలా కాటాకెక్కి పోయాయో! ఈ మెషిన్‌కీ అదే గతి పట్టబోయింది. ఇనుమెంత, రాగి ఎంత, చెక్క దేనికీ పనికిరాదు అని లెక్క కట్టి ఒకాయన పాడాడు. నేను ఆ పైన పాడాను. గోడౌనంతా నా వైపు తిరిగి చూసింది. ఏడున్నర వేలకు పాట నా పేరు మీద ఆగింది.

వ్యాన్ తెచ్చిన మా బావమరిది తల పట్టుకున్నాడు. “ఏటి బావా, ఫ్యాన్లకని వచ్చి ఈ డొక్కు కొన్నావేటి? అప్పకి ఏటి సెప్తావు?” అన్నాడు. కాళ్లు విప్పి, పరుపులు వేసి, ఆనందపురం మీదుగా మెల్లగా తెచ్చుకున్నాం.

కొట్లో దించాక ఆట బల్ల ముందు అంచు పట్టుకుని కారు బానెట్ ఎత్తినట్టు పైకెత్తాను. ఇక ఆ రోజు వేరే పని ముట్టలేదు. బల్ల పైన చూస్తే బొమ్మలు, దీపాలు, రబ్బర్లు. కిందంతా యంత్రం. గుడ్డ తొడుగు వేసిన రంగురంగుల వైర్లు, వరసలు వరసలుగా రిలేలు (అంటే కాయిలు లాగితే కలిసే, విడిపోయే స్విచ్చులు), రేకు స్విచ్చులు, కాయిళ్లు. ఒక్క ఐసీ చిప్పు లేదు, ఒక్క ట్రాన్సిస్టర్ లేదు. 1970ల చివర్లో ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చేదాకా ఈ మెషిన్లన్నీ ఇలాగే నడిచేవి. పాయింట్లు కూడడం, ఎన్నో బంతి నడుస్తోందో గుర్తుపెట్టుకోవడం, ఆట అయిపోయిందని తెలుసుకోవడం, అన్నీ రిలేలూ తిరిగే చక్రాలే చేస్తాయి. వెనక పలకలో అంకెల చక్రాలుంటాయి. ప్రతి చక్రానికీ ఒక కాయిలు. అది ఒకసారి లాగితే ఒక అంకె ముందుకు జరుగుతుంది. తొమ్మిది దాటి సున్నాకు వస్తూ పక్క చక్రానికి కరెంటు అందిస్తుంది. మనం చేతులెక్కలో ఒకటి పక్కకు వేసుకోవడం అంటామే, దాన్ని రేకుతో, స్ప్రింగుతో చేసి పెట్టారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఫ్లిప్పర్ కాయిలు. ఫ్లిప్పర్లంటే బంతి కిందికి జారిపోకుండా కొట్టే రెండు చిన్న తెడ్లు. ఎడమ వైపుది మాడి బొగ్గయింది. విప్పుతుంటే మొదట సన్న తీగ వచ్చింది, దాని కింద లావు తీగ. తీగ చుట్టే ఒకే బాబిన్ మీద రెండు వైండింగులు! ఎందుకో పది నిమిషాలు ఆలోచించాక వెలిగింది. బటన్ నొక్కగానే కరెంటు లావు తీగ చుట్లలో పోతుంది, తెడ్డు బలంగా లేస్తుంది. అంత కరెంటు అలాగే ఉంటే కాయిలు క్షణాల్లో కాలుతుంది. అందుకని తెడ్డు పైకి చేరగానే, దాని చివర తగిలి ఒక చిన్న రేకు స్విచ్ విడిపోతుంది. అప్పుడు సన్న తీగ వైండింగ్ కూడా దారిలోకి వచ్చి, కరెంటు బాగా తగ్గిపోతుంది. తెడ్డు లేచే ఉంటుంది, కాయిలు చల్లగా ఉంటుంది. నా మెషిన్‌లో ఆ రేకు అతుక్కుపోయి విడివడలేదు, అందుకే మాడింది. రేకు స్విచ్ ఒకటి, తీగలు రెండు రకాలు, అంతే. దీన్ని ఆలోచించినవాడు ఎవరో గాని, ఆ పూట ఆయనకు మనసులోనే దండం పెట్టాను.

చుట్లు లెక్కపెట్టుకుంటూ విప్పాను, మైక్రోమీటరుతో మందం కొలిచాను. తీగ మందం చెప్పే గేజ్ నంబర్లు అమెరికావాళ్లవి వేరు, మనకు షాపుల్లో దొరికే ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజ్) నంబర్లు వేరు. నంబరు చూసి తీగ కొన్నవాడి కాయిలు మళ్లీ కాలుతుంది, మందం చూసే కొనాలి. మెషిన్ అమెరికా కరెంటుకు చేసింది కాబట్టి 230 నుంచి 115 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుట్టుకున్నాను. లోపల పాయింట్లు వేసే చిన్న మోటారు వాళ్ల 60 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటుకు చేసింది, మన 50 సైకిళ్ల మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. అందుకే మా కొట్లో మెషిన్ గంటలు కాస్త నిదానంగా మోగుతాయి. నాకు అదే బాగుంటుంది. తెగిన రబ్బర్ల బదులు పంపుల ఓ-రింగులు వేశాను. రిలేల్లో కరెంటు కలిపే పాయింట్లు మాత్రం ఒక్కొక్కటీ గీకి, రేకు వంపు సరిచేసుకుంటూ పోవాలి. దానికి అడ్డదారి లేదు.

ఆడడం మొదలయ్యాక మా వీధి గుంటలందరూ కొట్లోనే. వాళ్లలో ఒకడు బంతి పడిపోతోందని పెట్టెను గట్టిగా ఊపాడు. వెంటనే టిల్ట్ అని దీపం వెలిగి, తెడ్లు పడిపోయాయి. వాడు అటూ ఇటూ చూసి, “తాతా, ఇందులో కెమెరా ఉన్నాదేటి? నేను ఊపినట్టు దీనికెలా తెలిసిపోనాది?” అన్నాడు. తలుపు తీసి చూపించాను. ఒక కడ్డీకి చిన్న బరువు వేలాడుతుంటుంది, దాని చుట్టూ లోహపు రింగు. పెట్టె ఊగితే బరువు ఊగుతుంది, రింగుకు తగిలితే కరెంటు పారి టిల్ట్ రిలే పడుతుంది. అంతకన్నా ఏమీ లేదు. వాడు వేలితో బరువును తనే ఊపి, తగిలించి, వదిలి, మళ్లీ తగిలించి చూసుకున్నాడు. ఆ తరవాత వాడు ఆడడం మానేసి, పక్కవాళ్లు ఆడుతుంటే కింద కూర్చుని లోపలికే చూసేవాడు. ఫోన్లో ఎన్ని ఆటలాడినా వాడికి ఈ ప్రశ్న రాదు, ఎందుకంటే అక్కడ తీసి చూపించడానికి తలుపే లేదు.

నా దృష్టిలో ఈ పాత వస్తువుల మీద మోజంతా ఇక్కడే ఉంది. విప్పితే అర్థమయ్యే వస్తువును మనిషి వదులుకోలేడు. అరుదైనది, పాతది అన్నవి తరవాతి మాటలు.

దీన్ని జూదం అనేవాళ్లు కూడా ఉన్నారు. ఒకప్పుడు నిజమే. తెడ్లు లేని రోజుల్లో బంతి వదిలితే ఎక్కడ పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. 1942లో న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ను నిషేధించి, మేయర్ లాగ్వార్డియా హయాంలో మెషిన్లను సుత్తులతో పగలగొట్టించింది. 1947లో గాట్లీబ్ కంపెనీ తెడ్లు పెట్టి మెషిన్ తెచ్చాక అది చేతి నైపుణ్యం అయింది. అయినా న్యూయార్క్‌లో నిషేధం 1976 దాకా పోలేదు. రోజర్ షార్ప్ అనే ఆయన నగర ప్రతినిధుల ముందు మెషిన్ పెట్టి, బంతిని ఏ దారిలో పంపబోతున్నాడో ముందే చెప్పి అలాగే పంపి చూపించాకే ఎత్తేశారు. నైపుణ్యం ఉందని కళ్లతో చూస్తే తప్ప నమ్మని అధికారులు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

మిగతా వేలం సరుకు గురించి కూడా అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఇత్తడి గొట్టం తళతళలాడే “పాత” గ్రామఫోన్లు ఆన్‌లైన్లో కనిపిస్తే తొందరపడకండి. ఎక్కువ భాగం కొత్తగా అతికించినవే. ఎక్కడివో మోటార్లు, కొత్త చెక్కపెట్టె, కొత్త గొట్టం, మీద హెచ్‌ఎంవీ కంపెనీ కుక్క బొమ్మ. కీ ఇచ్చి వినండి, ఒక్క రికార్డు పూర్తి కాకముందే మందగిస్తే వదిలేయండి. వందేళ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, కళాఖండాల జోలికి వెళ్లే ముందు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉందని గుర్తుంచుకోండి. శిల్పాల్లాంటి వాటికి రిజిస్ట్రేషన్ కావాలి, దేశం దాటించడం నేరం.

మనవాళ్లు పిన్‌బాల్ గురించి ఆశ్చర్యపోతారు గాని, ఇంట్లో ఉన్నది కాటాకేస్తారు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి ఎంత పేరున్నదో చెప్పక్కర్లేదు. అమ్మమ్మల నాటి బుడితి బిందెలు, చెంబులు స్టీలు గిన్నెల వాడికి తూకానికి ఇచ్చేయడం నా కళ్లతో చూశాను. ఆ బిందె మెడ దగ్గర సుత్తి దెబ్బలు వరసగా కనిపిస్తాయి, చేసినవాడి చెయ్యి అందులో ఉంది. కిలో లెక్కన అది కరిగిపోతే ఏ వేలంలోనూ మళ్లీ దొరకదు. దీని మీద నాకు పిన్‌బాల్ కన్నా ఎక్కువ కోపం.

కొని అద్దాల గదిలో పెట్టి తాళం వేసేవాళ్లను కూడా నేను సమర్థించను. వాడని రిలే పాయింట్లకు పొర పడుతుంది, తీసి చూస్తే ఆడించని మెషిన్‌కే ఎక్కువ జబ్బులు. వారానికోసారైనా ఆడించాల్సిందే.

ఇక నిజంగా కొనాలనుకుంటే వేలానికి ముందు రోజు వెళ్లి, బల్ల ఎత్తనిమ్మని అడగండి. ఒప్పుకోకపోతే పాడకండి. లోపల వైర్లు కోసి ఉంటే, రిలేలు పీకేసి ఉంటే వదిలేయండి. వెనక పలక రంగు నిలిచి ఉంటే ఒక మెట్టు పైకి వెళ్లండి, దాన్ని మళ్లీ వేయడం కష్టం. ట్రాన్స్‌ఫార్మర్ మాడినా, కాయిళ్లు కాలినా భయపడకండి, రేటు తగ్గించడానికి అదే మీకు అవకాశం. కాలిన కాయిలును మాత్రం పారేయకండి. చుట్లు లెక్కపెట్టడానికి అది ఉండాలి, అది తెస్తే మీ ఊళ్లో ఏ వైండింగ్ కొట్టువాడైనా చుట్టి ఇస్తాడు.